సంచి పీలిక

జడ్చర్ల దాటి బాలానగర్ దిక్కు పోయే తొవ్వల
కోళ్ల షెడ్డు. మే నెల, పగటీలి రెండు.
ఆరు పెద్ద ఫ్యాన్లు తిరుగుతనే ఉన్నయి.
షెడ్డు మాత్రం ఉడుకుతున్నది.

"సప్పుడైతే వస్తున్నది గద,
గాలెందుకు రాదు?" అంటడు జంగారెడ్డి సారు.

బండి స్టాండేసి పానాల సంచి దించిన.
మా ఉస్తాద్ మహబూబలి చెప్పేటోడు:
మోటారుది నోరు,
రెక్కది చెయ్యి.
నోరు జూసి కూలి ఇయ్యొద్దు.

లోపల ఎనిమిది వేల కోళ్లు
నోర్లు తెరిచి, రెక్కలు ఎడం జేసి,
ఏదో అడగబోయి మరిచినట్టు
నిలబడ్డయి.
నడుమ కుర్మమ్మ, తల మీద తడి తువ్వాల.
బెల్టు చూపలేదు, మోటారు చూపలేదు.
పైన తీగెకు కట్టిన
దాణా సంచి పీలికను చూపింది.
జానెడు తెల్ల పీలిక.
"పొద్దుగాల గింత లేచేది,"
మోచెయ్యి వంచి చూపింది.
"ఇప్పుడు గింతే."
గాలి కొలిచే మీటరు నా సంచిల ఉన్నది.
తీయబుద్ధి కాలే.

బెల్టులు వదులైనయి.
మోటారు పరుగు మోటారుదే,
పుల్లీ మీద బెల్టు జారుతున్నది,
రెక్క ఎనకబడ్డది.
ఎండకు సాగిన రబ్బరు
పని చేస్తున్నట్టే కనబడుతది,
మేస్త్రి వచ్చినప్పుడే పార లేపే మనిషి లెక్క.

"మోటారుకు పెద్ద పుల్లీ వెయ్యి తమ్మీ,
డబల్ తిప్పు."

డబల్ గాలికి కరెంటు డబల్ కాదు సారూ,
ఎనిమిదింతలు మింగుతది.
మోటారు కాలినట్టు మీకు రేపు తెలుస్తది,
కోళ్లకు ఈ రాత్రే తెలుస్తది.
అదీ గాక, ఆ మొగదాల తడి అట్టలు సూడుండ్రి.
గాలి వాటి సందుల కొద్దిసేపు ఉండాలె,
నీళ్లతోని రెండు మాటలు మాట్లాడాలె.
ఉరికించిన్రనుకో,
వడగాలి వడగాలి లెక్కనే లోపలికొస్తది,
చేతులు తడవకుండ.

ఇంకోటి. పక్క పరదా చినిగింది.
పాదమంత సందు దగ్గర్ల దొరికినంక
షెడ్డు ఆ కొస నుంచి గాలిని గుంజుకొచ్చే ఓపిక
ఏ ఫ్యానుకుంటది?

నేను బెల్టులు మారుస్తుంటే
కుర్మమ్మ బస్తా ముక్కతోని సందు కుట్టింది.
దబ్బనం ఆడుతుండంగ అన్నది:
"మేం సొరంగం పనికి పోయినం, కొంకణం దిక్కు.
రైలు కోసం గుట్ట తవ్వుడు.
పెద్ద గొట్టంలకెల్లి లోపలికి గాలి కొట్టేటోళ్లు.
మా ఆయన గొట్టం కొసకు
ఇట్లనే పీలిక కట్టేటోడు.
అది వాలిందంటే పార ఆడనే పడేసి
బయటికి నడుసుడే. ముకద్దం తిట్టినా సరే."

కొంచెం సేపు కుట్టింది.
"ఒక్కనాడు పీలిక కట్టలే."
పళ్లతోని దారం తెంపింది.
నేనేం అడగలే.

మూడున్నరకు ఆరూ ఆన్ చేసిన.
సప్పుడు తగ్గింది.
ఆగిపోయినయేమో అని జంగారెడ్డి ఉరికొచ్చిండు.
పీలిక మెల్లగ లేచింది,
లేచి, కుర్మమ్మ మోచెయ్యి అంత వంపు కాడ
నిలబడ్డది.
ముందు తడి అట్టల దిక్కున్న కోళ్లు,
తర్వాత నడిమివి,
నోర్లు మూసినయి.

పైసలు లెక్కబెట్టుకొని బండి ఎక్కుతుంటే
ఆమె ఇంకో పీలిక కత్తిరిస్తున్నది. బెత్తెడంత, సన్నగ.
ఇదెందుకన్న.

"వచ్చే నెల పిల్లలొస్తయి. ఒక్క దినం పిల్లలు.
గ్యాస్ పొయ్యి ఎచ్చదనం కింద పెట్టాలె వాటిని.
గాలి తగిలితే కుప్పబడి సస్తయి.
దీన్ని నేల మీద, వాటి వీపులంత ఎత్తుకు కడత.
ఇది కదలొద్దు."

కొంగు కొసకు ముడేసుకున్నది.